అడవి ఆముదపు గింజయు, జీవకణపు పొరయు

మహారాష్ట్రమునందును, ప్రాణహితకు ఆవలి ఒడ్డున నున్న తెలంగాణమునందును పల్లెలలో పెరటి కంచెలకును, చేని గట్లకును నాటు చెట్లలో అడవి ఆముదము ఒకటి. కొమ్మ విరిచి నాటిన చాలును, అది బ్రదుకును. పశువులును, మేకలును దాని ఆకును ముట్టవు. అందుచేతనే అది కంచెకు అనుకూలమైనది. దాని కాయ మొదట పచ్చగా నుండి, పండినప్పుడు పసుపు వన్నెకు తిరిగి, ఎండి నల్లబడును. లోపల మామూలుగా మూడు నల్లని గింజలుండును. వాని పప్పు వేరుసెనగ పప్పువలె రుచిగా నుండుటచే పిల్లలు ఆటలలో తినుట కలదు. తిన్న కొన్ని గంటలలో వాంతులు, కడుపునొప్పి, విరేచనములు మొదలగును. బడిపిల్లలు గుంపుగా ఈ గింజలు తిని ఆసుపత్రి పాలైన వార్తలు మహారాష్ట్రములో పలుమారులు వెలువడినవి.

“ఆ గింజలు తినకూడదు” అని పెద్దలు చెప్పుదురు. అది మంచి మాట. “ఎందుచేత తినకూడదు?” అని అడుగుట విద్యార్థికి తగిన పని. ఒక చిన్న గింజలోని పదార్థము మన శరీరములోని కోటానుకోట్ల జీవకణములను ఎట్లు కలవరపెట్టగలుగుచున్నది? ఈ ప్రశ్నకు జవాబు వెదకిన శాస్త్రజ్ఞులు జీవకణపు పొర వద్దకు చేరిరి. ఆ పొరపై గల క్రొవ్వు అణువులను కొన్ని మాంసకృత్తులు గుర్తుపట్టి పట్టుకొనుటవలననే కణములో వార్తలు నడచుచున్నవని వారు తెలిసికొనిరి. ఆ సంగతిని మా విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును తేటగా చెప్పుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మొదట మాటలను గురించి

నాగేపల్లి, ఆలాపల్లి, అహేరి, సిరొంచ ప్రాంతములలోని మన పిల్లలు ఇంట తెలుగును, వీధిలో మరాఠీని, కొన్ని ఊళ్లలో గోండీని వినుచు పెరుగుదురు. విజ్ఞానశాస్త్రము చదువునపుడు ఒకే మాట రెండు భాషలలో రెండు అర్థముల నిచ్చి చిక్కు పెట్టుట కలదు. తెలుగు పుస్తకములలో పదార్థము యొక్క మిక్కిలి చిన్న కణికను పరమాణువనియు, పరమాణువులు కూడి ఏర్పడిన దానిని అణువనియు అందురు. మరాఠీ పుస్తకములలో ‘అణూ’ అనగా మన పరమాణువు. మన అణువును వారు ‘రేణూ’ అందురు. మన జీవకణము వారికి ‘పేశీ’. మన మాంసకృత్తులు వారికి ‘ప్రథినే’. పై తరగతులకు మరాఠీ మాధ్యమమునకు పోవు విద్యార్థి ఈ జంటలను ఇప్పుడే వ్రాసి పెట్టుకొనుట మేలు. ఈ వ్యాసమున అణువు అన్నచోట తెలుగు అర్థమునే గ్రహింపవలెను.

కణపు పొర ఎట్టిది?

ఇప్పనూనెను ఒక గిన్నెడు నీటిలో పోసి ఎంత చిలికినను అది కలియదు. కొంతసేపటికి పైకి తేలును. నూనె జాతి అణువులు నీటిని ఒల్లవు. అట్టి అణువుకు ఒక కొనయందు భాస్వరముతో కూడిన ఫాస్ఫేటు చేరినచో ఆ కొన నీటిని కోరును. ఒక కొన నీటిని కోరుచు, మరియొక కొన నీటిని ఒల్లక యుండు అట్టి అణువులకు ఫాస్ఫోలిపిడ్లని పేరు. కోడిగ్రుడ్డు పచ్చసొనలో నివి సమృద్ధిగా గలవు. నీటిని కోరు కొనను ‘తల’ అనియు, ఒల్లని కొనను ‘తోక’ అనియు చెప్పుదురు. ఒక్కొక్క అణువునకు మామూలుగా ఒక తలయు, రెండు తోకలు నుండును.

ఇట్టి అణువులను నీటిలో వేసినచో అవి తమంతట తామే రెండు వరుసలుగా నిలుచును. తోకలు లోపలికి, ఒకదాని కొకటి ఎదురుగా. తలలు రెండు వైపుల నీటిని తాకుచు. జీవకణము చుట్టును గల పొర, అనగా కణత్వచము, ఇట్లే ఏర్పడినది. 1925లో హాలండు దేశమున గోర్టర్, గ్రెండెల్ అను ఇద్దరు ఎఱ్ఱ రక్తకణములనుండి క్రొవ్వును తీసి నీటిపై పలుచగా పరచి కొలిచిరి. ఆ వైశాల్యము రక్తకణముల ఉపరితలమునకు సుమారు రెండింతలుండెను. కావున త్వచములో క్రొవ్వు రెండు వరుసలుగా నున్నదని వారు నిర్ణయించిరి. ఈ పొర మందము సుమారు 5 నానోమీటరులు. మీటరులో నూరుకోట్ల వంతు నానోమీటరు. ఇరువది వేల పొరలను దొంతరగా పేర్చినగాని మన నోటుపుస్తకపు కాగితమంత మందము కాదు.

ఇంత పలుచని పొరయైనను అది గోడవలె కదలక యుండునది కాదు. క్రొవ్వు అణువులు తమ వరుసలో ప్రక్కప్రక్కలకు జరుగుచుండును. మాంసకృత్తులు కొన్ని ఆ పొరలో మునిగి యుండును. కొన్ని దానిని ఆనుకొని యుండును. 1972లో సింగర్, నికల్సన్ అను శాస్త్రజ్ఞులు ఈ కదలిక గల చిత్రమును స్పష్టముగా రూపొందించిరి.

భాస్వరమును కొలిచిన తెలుగువాడు

ఈ విషయమున ఒక తెలుగు శాస్త్రజ్ఞుని తలచుకొనక తప్పదు. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరములో జన్మించిరి. అమెరికా చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కే అను ఆచార్యునితో కలిసి పనిచేసిరి. 1925లో, అనగా గోర్టర్, గ్రెండెల్ల ప్రయోగము వెలువడిన సంవత్సరమందే, వీరిరువురు రక్తము మొదలగు వానిలోని భాస్వరమును రంగునుబట్టి కొలుచు పద్ధతిని ప్రకటించిరి. ఫాస్ఫేటు గల ద్రవమునకు కొన్ని రసాయనములు కలిపినచో నీలవర్ణము వచ్చును. నీలము ఎంత ముదురుగా నున్నచో భాస్వరమంత ఎక్కువ. 1959లో బార్ట్‌లెట్ అను శాస్త్రజ్ఞుడు ఈ పద్ధతిని కొంత మార్చి, ఫాస్ఫోలిపిడ్లలోని భాస్వరమును కొలుచుటకు అనువుగా చేసెను. త్వచముల క్రొవ్వును గూర్చి పనిచేయు ప్రయోగశాలలలో ఆ నీలవర్ణము నేటికిని పరిచితమైనదే.

ఫిస్కే, సుబ్బారావుగార్లు 1927లో కండరములలో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును, 1929లో ఏ.టి.పి. అను పదార్థమును కనుగొన్నట్లు ప్రకటించిరి. ఆ సంవత్సరమందే జర్మనీలో కార్ల్ లోమన్ కూడ ఏ.టి.పి.ని కనుగొనెను. ఏ.టి.పి. జీవకణమునకు శక్తి నిచ్చు నాణెము వంటిది. అది ఫాస్ఫేటును దానము చేయునది కూడ. మనము ఇకముందు చెప్పబోవు క్రొవ్వు అణువులపై గుర్తులు పెట్టుటకు కణము వాడు ఫాస్ఫేటు ఏ.టి.పి. నుండియే వచ్చును. సుబ్బారావుగారు 1948లో న్యూయార్కు నగరమున మరణించిరి.

క్రొవ్వు కేవలము గోడ కాదు

చాల కాలము వరకు త్వచములోని క్రొవ్వును ఇల్లు కట్టు ఇటుకవలె తలచిరి. కణమునకు వెలుపలినుండి వార్త వచ్చినచో దానిని మాంసకృత్తులే అందుకొని నడుపుననియు, క్రొవ్వునకు అందు పనిలేదనియు అనుకొనిరి. 1953లో లోవెల్ హోకిన్, మేబెల్ హోకిన్ దంపతులు చేసిన ప్రయోగము ఈ భావమును కదలించెను. వారు పావురపు క్లోమగ్రంథి ముక్కలకు ఎసిటైల్‌కోలిన్ అను ఉత్తేజక పదార్థమును చేర్చి, రేడియో ధార్మికశక్తి గల భాస్వరము ఎచ్చటికి పోవునో కనిపెట్టిరి. గ్రంథి ఉత్తేజము పొందగానే ఆ భాస్వరము ఫాస్ఫోలిపిడ్లలో అధికముగా చేరెను. ఇటుక వంటిదే యైనచో వార్త వచ్చినప్పుడు క్రొవ్వు ఏల మారవలెను?

ఆ మారిన క్రొవ్వు ముఖ్యముగా ఇనోసిటాల్ అను తల గలదని పిమ్మట తేలినది. ఇనోసిటాల్ ఆరు కర్బన పరమాణువుల వలయము. త్వచములో నున్న ఇనోసిటాల్ క్రొవ్వునకు ఆ వలయములోని 3వ, 4వ, 5వ స్థానములలో కణము ఫాస్ఫేటులను పెట్టగలదు, తీసివేయగలదు. మన అక్షరములతో పోల్చి చూడుడు. ‘క’ అను అక్షరమునకు గుడి యిచ్చిన ఒక ధ్వని, కొమ్ము ఇచ్చిన మరియొక ధ్వని. అక్షరమొకటే, గుర్తునుబట్టి చదువు మారును. అట్లే వలయమొకటే; ఫాస్ఫేటులున్న స్థానమునుబట్టి దాని అర్థము మారును. మూడు స్థానములలో ఒక్కొక్కచోట గుర్తు ఉండుట, లేకుండుట అను రెండు విధములను లెక్కించినచో మొత్తము ఎనిమిది రూపములు. అసలు గుర్తే లేనిదానిని తీసివేయగా ఏడు. మన కణములలో ఆ ఏడు రూపములును గలవు.

ఈ గుర్తుపెట్టిన క్రొవ్వు మిక్కిలి స్వల్పము. 4వ, 5వ స్థానములలో గుర్తులు గల రూపము త్వచపు క్రొవ్వులో నూటికి ఒకపాలు, లేక అంతకంటె తక్కువ. మూడు స్థానములలోను గుర్తులున్న రూపము విశ్రాంతిగా నున్న కణములో దాదాపు కానరాదు. అందుచేతనే అది కనబడుట వార్త యగుచున్నది. ఎల్లప్పుడు మ్రోగుచుండు గంట ఎవరికిని ఏ సంగతియు తెలుపదు గదా!

గుర్తును చదువు ఖండములు

అక్షరమున్నంత మాత్రమున చాలదు, చదువువాడు కావలెను. కణములో ఈ గుర్తులను చదువు పనిని మాంసకృత్తులలోని కొన్ని భాగములు చేయుచున్నవి. మాంసకృత్తు అనగా అమైనో ఆమ్లములు దండవలె గ్రుచ్చబడి, ఆ దండ ముడుచుకొని ఒక రూపము పొందినది. పెద్ద మాంసకృత్తులో తమంతట తాము ముడుచుకొని నిలువగల భాగములు కొన్ని ఉండును. వీనిని ఆంగ్లమున డొమైన్‌లందురు. మేము ఖండములని వ్యవహరింతుము. ఒకే విధమైన ఖండము అనేక మాంసకృత్తులలో కానవచ్చును. ఒక వడ్రంగి ఒకే రీతి కొక్కెమును తలుపునకును, పెట్టెకును, ఊయలకును బిగించినట్లు ప్రకృతి వానిని పలుచోట్ల వాడుకొన్నది. అందు నాలుగింటిని ఇచ్చట చెప్పుదుము.

మొదటిది పి.హెచ్. ఖండము. దీనిని 1993లో గుర్తించిరి. సుమారు 100 నుండి 120 అమైనో ఆమ్లములు గలది. దీనిలోని ఒక గుంటయందు ధనవిద్యుదావేశము గల అమైనో ఆమ్లములుండును. ఫాస్ఫేటునకు ఋణావేశము. ధన ఋణములు ఆకర్షించుకొనుటచే గుర్తు గల తల ఆ గుంటలో అమరును. పి.హెచ్. ఖండములలో కొన్ని 4వ, 5వ గుర్తులను కోరును; కొన్ని మూడు గుర్తులను కలిపియే కోరును. కొన్ని మాత్రము ఏ ఒక్క గుర్తును అంత గట్టిగా ఎన్నుకొనవు.

రెండవది ఎఫ్.వై.వి.ఇ. ఖండము. ఇది 3వ స్థానమున మాత్రమే గుర్తున్న క్రొవ్వును చదువును. ఆ క్రొవ్వు ఎక్కువగా కణము లోపలి చిన్న సంచులపై నుండును. కావున ఈ ఖండము గల మాంసకృత్తులు వెలి పొరకు పోక ఆ సంచులను చేరును. గుర్తు వార్తను తెలుపుటయే గాక చిరునామాను కూడ తెలుపుచున్నదని దీనివలన గ్రహింపవచ్చును.

మూడవది సి2 ఖండము. సుమారు 130 అమైనో ఆమ్లములు గలది. దీనిలో అనేకములు కాల్షియము ఉన్నప్పుడే త్వచమును పట్టుకొనును. కాల్షియము ధనావేశము గలది. అది ఒక వైపు ఖండమును, మరియొక వైపు ఋణావేశము గల క్రొవ్వు తలను పట్టుకొని నడుమ వంతెనయగును.

నాలుగవది సి1 ఖండము. సుమారు 50 అమైనో ఆమ్లములు గల చిన్నది. రెండు జింకు అయానులు దాని రూపమును నిలిపియుంచును. ఇది డైఎసైల్‌గ్లిజరాల్ అను క్రొవ్వును పట్టుకొనును. అడవి ఆముదపు కథకు ఈ ఖండమే కేంద్రము. కావున దీనిని విద్యార్థులు ప్రత్యేకముగా జ్ఞాపకముంచుకొనవలెను.

ఖండము త్వచమును పట్టుకొనుటవలన ఏమి లాభము? ప్రాణహితలో పడవ నడుచునప్పుడు అది ఎటైనను పోగలదు. రేవున గుంజకు కట్టినప్పుడే జనులు ఎక్కుట, దిగుట, సరకు దింపుట జరుగును. మాంసకృత్తు కణద్రవములో తిరుగుచున్నంతసేపు దానికి కావలసిన తోడు పదార్థములు అందవు. త్వచము చేరగానే అవి దగ్గరగును, పని జరుగును. క్రొవ్వుపై గుర్తు రేవు గుంజ. ఖండము పడవ త్రాడు. భేదమొక్కటే. నదిలో గుంజ ఎల్లప్పుడు నుండును. కణము మాత్రము వార్త వచ్చినప్పుడు గుంజను పాతి, పని తీరగానే పెరికివేయును.

చక్కెర లోనికి వచ్చు మార్గము

భోజనానంతరము రక్తములో చక్కెర పెరుగగానే క్లోమము ఇన్సులిన్‌ను విడుచును. అది కండర కణములను, క్రొవ్వు కణములను చేరి, వెలి పొరలోని గ్రాహకమును తాకును. ఇన్సులిన్ లోనికి పోవనక్కరలేదు. గ్రాహకము లోపలి వైపున ఒక ఎంజైమును పనికి పురికొల్పును. ఆ ఎంజైము 4వ, 5వ గుర్తులున్న క్రొవ్వునకు 3వ గుర్తును కూడ పెట్టును. అంతవరకు దాదాపు లేని రూపము ఇప్పుడు పొరపై కనబడును. అక్ట్ అను మాంసకృత్తు తన పి.హెచ్. ఖండముతో దానిని పట్టుకొనును. పి.డి.కె.1 అను మరియొకటియు అట్టి ఖండముతోనే అచ్చటికి వచ్చును. ఇవి ప్రక్కప్రక్కన చేరుటచే అక్ట్ మేలుకొనును. దాని ప్రేరణచే చక్కెరను లోనికి తెచ్చు వాహకములు పొరకు చేరును. చక్కెర కణములో ప్రవేశించును.

పిమ్మట పి.టి.ఇ.ఎన్. అను ఎంజైము ఆ 3వ గుర్తును చెరిపివేయును, వార్త ముగియును. 1997లో కనుగొనబడిన ఈ ఎంజైము అనేక విధముల క్యాన్సరు వ్రణములలో చెడిపోయి యుండును. అప్పుడు గుర్తు చెరుగదు. పెరుగుమను ఆజ్ఞ ఆగదు. గుర్తు పెట్టుట ఎంత అవసరమో చెరుపుటయు అంత అవసరమని దీనివలన తెలియుచున్నది.

చదువు ఖండము చెడినను చేటు కలుగును. రక్షణ కణములలో బి.టి.కె. అను మాంసకృత్తు కలదు. దాని పి.హెచ్. ఖండములో 28వ స్థానముననున్న ఆర్జినైన్ అను అమైనో ఆమ్లము మారిన ఎలుకలలో బి-రక్షణ కణములు సరిగా పెరుగవని 1993లో తేలినది. ఇదే మాంసకృత్తు చెడిన మగశిశువులకు రోగములతో పోరాడు ప్రతిదేహములు చాలవు. ఆ వ్యాధిని 1952లో బ్రూటన్ అను వైద్యుడు మొదట వర్ణించెను. మాంసకృత్తు మొత్తము బాగుగ నున్నను, గుర్తును చదువు గుంటలోని ఒక్క పూస మారినచో అది పొరను చేరలేదు. పొరను చేరనిది తన పని చేయలేదు.

రెండు త్రాళ్ల పడవ

ఇక సి1, సి2 ఖండములు రెండును గల మాంసకృత్తును చూతము. దానిపేరు ప్రోటీన్ కైనేజ్ సి. 1977లో జపానునందలి కోబే నగరమున యసుతోమి నిషిజుకయు, ఆయన సహచరులును దీనిని కనుగొనిరి. ఇది ఇతర మాంసకృత్తులకు ఫాస్ఫేటు నంటించి వానిచే పని చేయించు అధికారి. విశ్రాంతిగా నున్నప్పుడు తన దండలోని ఒక తునకతో తన పనిచేయు గుంటను తానే మూసికొని యుండును.

కొన్ని వార్తలు వచ్చినప్పుడు ఫాస్ఫోలైపేజ్ సి అను ఎంజైము 4వ, 5వ గుర్తులు గల క్రొవ్వును రెండు ముక్కలుగా కోయును. తల విడిపోయి నీటిలో ఈదుచు కణము లోపలి కాల్షియపు కొట్టును తెరచును. ఈ సంగతి 1983లో ఋజువైనది. తోకల ముక్క, అనగా డైఎసైల్‌గ్లిజరాల్, పొరలోనే నిలుచును. ఇప్పుడు రెండు సంకేతములు సిద్ధమైనవి. కాల్షియము సి2 ఖండమును పొరకు చేర్చును. డైఎసైల్‌గ్లిజరాల్ సి1 ఖండమును పట్టియుంచును. ఒక్కొక్క పట్టు బలహీనమే. రెండు త్రాళ్లు కలిసినప్పుడే పడవ నిలుచును. అట్లు నిలిచినప్పుడు మూసిన తునక తొలగి అధికారి పనికి పూనుకొనును. ఒక్క సంకేతము పొరపాటున వచ్చినను పెద్ద పని మొదలు కాకుండ ఇట్లు కణము జాగ్రత్తపడుచున్నది. కొలదిసేపటికి కణము డైఎసైల్‌గ్లిజరాల్‌ను వేరొక క్రొవ్వుగా మార్చివేయును. పడవ రేవు విడుచును.

దొంగముద్ర

అడవి ఆముదపు గింజలలో రెండు విధముల విషపదార్థములు గలవు. ఒకటి కర్సిన్ అను మాంసకృత్తు. రెండవది ఫోర్బాల్ ఎస్టరులు. ముఖ్యమైన విషము రెండవదే యని పరిశోధకుల అభిప్రాయము. నేపాళమను పేరు అడవి ఆముదమునకును, దాని బంధువైన మరియొక చెట్టునకును కూడ కలదు. ఆ రెండవ చెట్టు గింజలను మరాఠీ, హిందీ భాషలలో జమాల్‌గోటా అందురు. దాని నూనె తీవ్రమైన విరేచనకారి. దానిలోను ఈ జాతి ఎస్టరులే గలవు. 1941లో బెరెన్‌బ్లూమ్ అను శాస్త్రజ్ఞుడు ఆ చెట్టు నుండి తీసిన పదార్థమును ఎలుకల చర్మముపై ప్రయోగించి, క్యాన్సరును పుట్టించు వేరొక పదార్థమునకు అది తోడై వ్రణములను పెంచునని చూపెను. అది ఎట్లు జరుగునో అప్పుడెవరికిని తెలియదు.

1982లో నిషిజుక బృందము ఆ రహస్యమును విప్పెను. ఫోర్బాల్ ఎస్టరు డైఎసైల్‌గ్లిజరాల్ స్థానమును తాను ఆక్రమించి ప్రోటీన్ కైనేజ్ సి ని మేలుకొల్పుచున్నది. 1995లో అమెరికాలో హర్లీ మొదలగువారు సి1 ఖండమును ఫోర్బాల్ ఎస్టరుతో కలిపి స్ఫటికముగా చేసి, ఎక్స్-కిరణములతో దాని రూపమును తెలిసికొనిరి. ఖండపు కొనయందు చిన్న గాడి కలదు. గాడి చుట్టును నీటిని ఒల్లని భాగములు. గాడి మాత్రము నీటిని కోరును. ఫోర్బాల్ ఎస్టరు ఆ గాడిలో సరిగా అమరి దానిని మూసివేయును. అప్పుడు ఖండపు కొన అంతయు నూనె పూసినట్లై త్వచములోనికి దిగును. నిజమైన డైఎసైల్‌గ్లిజరాల్ చేయునదియు ఇట్టిదే.

అయినచో చేటెచ్చట? ఫోర్బాల్ ఎస్టరు డైఎసైల్‌గ్లిజరాల్ కంటె అనేక రెట్లు గట్టిగా పట్టుకొనును. దానిని కణము త్వరగా చెరుపలేదు. రాజముద్రను పోలిన దొంగముద్రతో వచ్చిన ఆజ్ఞ వంటిది ఇది. ముద్రను చూచి కొలువు పని మొదలుపెట్టును. ఆపుమను మాట మాత్రము ఎన్నటికిని రాదు. ప్రేగు గోడలలోను, చర్మములోను వాపు, మంట, నీరూరుట కలుగును. పిల్లలకు కలుగు వాంతులకును, విరేచనములకును ఇది ప్రధాన కారణము.

ఇంకొక సంగతి కలదు. మామూలు ఆముదపు గింజలో రిసిన్ అను విషపు మాంసకృత్తు కలదు. అది నూనెలో కరగదు. కావున శుద్ధిచేసిన ఆముదమును మందుగా వాడుదురు. ఫోర్బాల్ ఎస్టరులు నూనెలో కరగునవి. కావున అడవి ఆముదపు గింజలే గాక దాని నూనెయు విషమే. గింజలను వేచినంత మాత్రమున ఈ విషము పోదు. 2003లో నాటి ప్రణాళికా సంఘపు సమితి ఈ నూనెను డీజిలుకు తోడుగా వాడవచ్చునని సిఫారసు చేసిన పిదప దేశమున పలుచోట్ల దీనిని నాటిరి. ఇంజనుకు పనికివచ్చు నూనె వంటకు పనికిరాదు.

తల్లిదండ్రులకు మనవి

పిల్లలు ఈ గింజలు తిన్నట్లు తెలిసినచో, బాధ ఇంకను మొదలు కాకున్నను, వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపోవలెను; లేదా 108కి ఫోను చేయవలెను. ఉప్పునీరు త్రాగించి బలవంతముగా వాంతి చేయించరాదు. ఇంటి వైద్యముతో కాలము గడపరాదు. తగిన సమయమున వైద్యము అందిన పిల్లలలో ఎక్కువమంది కోలుకొందురు. ఒంటిలోని నీరు తరిగిపోవుటయే పెద్ద అపాయము. ఒకరు తిన్నచో తోడిపిల్లలును తినియుందురు. వారిని కూడ విచారింపవలెను.

పోవునప్పుడు ఆ కాయనో, కొమ్మనో వెంట తీసికొనిపోవలెను. దీనికి కారణము కలదు. “అడవి ఆముదము తిన్నాడు” అని తెలుగులో చెప్పినచో మరాఠీ మాత్రమే తెలిసిన నర్సునకు ‘ఆముదము’ అనగా మామూలు ఎరండ్ అని తోచవచ్చును. ‘నేపాళము’ అన్నచో రెండు చెట్లలో ఏదో తెలియదు. ఈ మూడు చెట్ల గింజల విషములు మూడు తీరులు. కావున మన ఇండ్లలో అందరును దీని మరాఠీ పేర్లు ‘మొగలి ఎరండ్’, ‘చంద్రజ్యోత్’ అని నేర్చుకొనవలెను. మాతృభాషలో విషయమును గ్రహించుట ఎంత అవసరమో, ఇరుగుపొరుగు భాషలో దానిని చెప్పగలుగుట ఈ సరిహద్దు ప్రాంతమున అంత అవసరము.

బడి ఆవరణ కంచెలో ఈ చెట్టున్నచో దానిని తీసివేసి వేరొకటి నాటుట మంచిది. అంతవరకు చిన్నతరగతుల పిల్లలకు పెద్దతరగతుల విద్యార్థులు కాయను చూపి హెచ్చరింపవలెను. “తినకూడదు” అను మాటకు “ఎందుకనగా” అను మాట తోడైనచో ఆ హెచ్చరిక మరువకుండ నిలుచును.

అభ్యాసము

1. ఫాస్ఫోలిపిడ్లు నీటిలో రెండు వరుసలుగా ఏల నిలుచును? పటము గీచి చూపుము.

2. ఇనోసిటాల్ వలయములో మూడు స్థానములకు బదులు నాలుగు స్థానములలో గుర్తు పెట్టగలిగినచో, గుర్తు గల రూపములు ఎన్ని యగును?

3. ప్రోటీన్ కైనేజ్ సి త్వచమును చేరుటకు రెండు సంకేతములు కావలసియుండుట వలన కణమునకు కలుగు మేలేమి?

4. డైఎసైల్‌గ్లిజరాల్, ఫోర్బాల్ ఎస్టరు ఒకే గాడిలో అమరుచుండగా, ఒకటి మేలును, మరియొకటి కీడును చేయుటకు కారణమేమి?

5. ఆముదము మందుగా పనికివచ్చుచుండగా అడవి ఆముదపు నూనె పనికిరాకుండుటకు కారణమును వ్రాయుము.

6. మీ ఊరి కంచెలలోని చెట్లలో విషము గలవానిని పెద్దల నడిగి తెలిసికొని, వాని పేర్లను తెలుగు, మరాఠీ, గోండీ భాషలలో పట్టికగా వ్రాసి తరగతి గోడకు అంటింపుడు.